తొమ్మిదో గడి

నోరెవిగ్,
14 నవంబరు 2016

ప్రియమైన డాగ్నీ,

చివరి రోజు ఇలా గడిచింది.

నవంబరు రెండు, బుధవారం. మెరెటె ఆరున్నరకు లేచింది. అంతకుముందు నెల రోజులుగా తొమ్మిదింటికి గాని లేచేది కాదు. నాకు సంతోషం వేసింది. రాత్రి పులియబెట్టిన నల్ల రొట్టె పిండిని అచ్చుల్లో నింపింది. వంటింట్లో రేడియో పెట్టింది. మానసిక వైద్యశాల వాళ్లు వారం వారం పంపే ప్రశ్నపత్రం పదింటికి పూర్తయింది, కంప్యూటర్లో. పదకొండుకు వాళ్ల జవాబు వచ్చింది. పరిస్థితి మెరుగుపడినందుకు సంతోషం, రేపు గురువారం రానవసరం లేదు, ఆరు వారాల తరవాత చూద్దాం అని ఉంది. చదివి వినిపించాను.

"అయితే అంత పాడుగా ఏం లేనట్టే," అంది.

పన్నెండున్నరకు భోంచేశాం. ఉప్పులో ఊరిన చేప, ఉల్లిపాయ, కొత్త రొట్టె. వేడి రొట్టె కోస్తే ముక్క విరిగిపోతుందని ముప్పై ఎనిమిదేళ్లుగా నేను చెబుతూనే ఉన్నాను, తను ఒప్పుకోదు. ఆ రోజు ఒప్పుకుంది. "నువ్వన్నదే నిజంలే," అంది. గిన్నెలు తనే కడిగింది.

మూడున్నరకు కోటు వేసుకుంది. సముద్రపు పాయ గట్టు దాకా నడిచి వస్తానంది.

"నేనూ రానా?"

"నువ్వు పేపర్లు దిద్దుకో."

నేను బడిలో లెక్కలు చెప్పడం మానేసి ఆరేళ్లయింది. దిద్దడానికి పేపర్లు లేవు. అది మా ఇంట్లో పాత వేళాకోళం. నవ్వాను. తనూ నవ్విందనుకుంటాను. నేను తలెత్తి చూడలేదు.

ఐదింటికి చీకటి పడింది. టార్చి తీసుకుని గట్టుకు వెళ్లి వచ్చాను. ఆరున్నరకు పోలీసులు ఇద్దరు ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గర, చాలాసేపు కూర్చోబోయేవాళ్లలా బూట్లు విప్పి లోపలికి అడుగు పెట్టారు. దాన్నిబట్టే నాకు తెలిసిపోయింది. తనంతట తను చేసుకున్న పని అని వాళ్లు రాసుకున్నారు. చీటీ ఏమీ రాసిపెట్టలేదు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక, కాఫీ బల్ల దగ్గర ఆ రోజు సంగతి నువ్వు నన్ను అడిగావు. అంతమందిలో నీకు వినపడేలా గట్టిగా చెప్పే సంగతి కాదు. ఫోనులో మాట్లాడితే నీ వినికిడి యంత్రం కీచుమంటుంది. రాస్తానన్నాను, రాశాను. తన చెల్లెలివి కాబట్టి నీకు తెలియాలి.

ఊలు మేజోళ్లు అందాయి. సరిపోయాయి.

ప్రెబెన్


హోల్మో దీవి,
22 నవంబరు

మాస్టారూ,

గాలికి పడవలు ఆపేశారు. నీ ఉత్తరం రెండు రోజులు అవతలి రేవులోనే పడి ఉంది. పక్కింటి ఎయ్‌నార్ తెచ్చిచ్చాడు. ఆయన సొంత ఉత్తరమైనట్టు చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. "చదువుకో, నేను చూడనులే," అంటాడు, చూస్తూనే. చివరికి వాళ్లావిడ రూత్ కిటికీలోంచి పిలిస్తే వెళ్లాడు.

నాలుగుసార్లు చదివాను. రొట్టె గురించి ఐదు వాక్యాలు రాశావు. మా అక్క ముఖం గురించి ఒక్కటీ లేదు. కోప్పడటం లేదు. నువ్వు అంతేనని తెలుసు. మీ పెళ్లి చూడటానికి రాజధాని నుంచి వచ్చిన మీ బంధువులు కూడా అలాగే కూర్చున్నారు, ఎవరో తమకు మార్కులు వేస్తున్నట్టు.

ఒక్కటి చెప్పు. ఆ ప్రశ్నపత్రంలో అక్క ఏం రాసింది?

ఎందుకంటే అక్టోబరులో నాకు రాసిన ఉత్తరం ఇక్కడే ఉంది. "కొంచెం అలసటగా ఉంటోంది," అని రాసింది. నాకు అప్పుడే గుండె ఝల్లుమంది. మా పడమటి తీరం వాళ్ల "కొంచెం" నీకు నలభై ఏళ్లయినా అర్థం కాలేదు, ఆ డాక్టర్లకేం అర్థమవుతుంది. మా నాన్న మర తిప్పే పట్టీలో కాలు పడి, పాదం వేలాడుతూ ఇంటికి వచ్చి, "కొంచెం తగిలింది," అన్నాడు. అమ్మ వెంటనే దుప్పటి చింపింది. అదే మీ వాళ్లయితే, "ఓహో కొంచెమేనా," అని కాఫీ పెట్టేవాళ్లు.

ఆ కాగితంలో "కొంచెం సేపు" అనే గడి ఉంటుందట కదా. అక్క అన్నిటికీ అదే పెట్టి ఉంటుంది. అలా పెట్టిందా? అలా అయితే నాకు అర్థమవుతుంది. నాకు అర్థమవ్వాలి మాస్టారూ, లేకపోతే రాత్రిళ్లు గడవడం లేదు.

నా బాతుల్ని నక్క ఎత్తుకుపోయింది. కోళ్లు మాత్రం బాగున్నాయి.

డాగ్నీ


నోరెవిగ్,
1 డిసెంబరు

ప్రియమైన డాగ్నీ,

సోమవారం వైద్యశాలకు వెళ్లాను. వాళ్లే పిలిచారు. మెరెటెను చూసిన సైకాలజిస్టు పేరు సిడ్సెల్. ముప్పై రెండేళ్లుంటాయి. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, కేకు కోసి పెట్టింది. నేను తినలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. పది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఇలా ఎంత సేపు అనిపించింది అని అడుగుతారు. ఒక్కొక్క దానికి సున్నా నుంచి ఐదు. ఎంత ఎక్కువ వస్తే అంత జబ్బు. మెరెటెకు సెప్టెంబరులో ముప్పై నాలుగు వచ్చింది. తరవాత ఇరవై ఎనిమిది, ఇరవై ఒకటి, పదహారు. చివరి రోజు తొమ్మిది. సిడ్సెల్ ఆ గీతను తెర మీద చూపించింది. మెట్లలాగా దిగింది.

"ఇంత చక్కగా తగ్గినవాళ్లు ఈ ఏడాదిలో లేరండీ," అంది. అన్నాక తెర ఆపేసింది.

తొమ్మిదో ప్రశ్న బతకడం దండగ అనిపించిందా అని. దానికి ఒకటి వచ్చినా వాళ్లు ఆ రోజే ఫోన్ చేస్తారట. మొదట్లో మూడు, రెండు వచ్చినప్పుడు చేశారు. నాకు గుర్తుంది. చివరి పత్రంలో సున్నా ఉంది. కాబట్టి చెయ్యలేదు.

"ఖాళీగా ఉంటే ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఖాళీగా ఉండదండీ. అన్నీ నింపితేగాని ముందుకు కదలదు."

"కాగితం మీద అయితే?"

"కాగితం మీద అయితే... ఖాళీ చూస్తే నేను అడిగేదాన్నేమో," అంది. తరవాత ఏడ్చింది. నా చేతిరుమాలు ఇచ్చాను. తిరిగి ఉతికి పంపుతానంది. అక్కర్లేదన్నాను.

జరిగింది ఇంతే. వాళ్ల తప్పు కాదు.

ప్రెబెన్


హోల్మో,
8 డిసెంబరు

మాస్టారూ,

తెలిసింది. సున్నా పెట్టింది.

నీకు తెలియదు, మెరెటె నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. దానికి రాదు. పన్నెండేళ్లప్పుడు చర్చిలో దీపం చిమ్నీ నేను పగలగొడితే, "చెప్పకే," అని బతిమాలాను. పాస్టరు అడిగాడు. అది చెప్పలేదు, కాని అబద్ధమూ ఆడలేదు. నోరు బిగించుకుని నేల చూస్తూ నిలబడింది. పాస్టరే విసిగిపోయి వెళ్లాడు. అంతటి మనిషి, అన్నిటికన్నా పెద్ద ప్రశ్నకు, అదీ ఆ రోజు పొద్దున్నే, సున్నా పెట్టింది. అంటే అందరినీ తప్పించుకుని వెళ్లింది. నన్ను కూడా. ఇక దాని ఉత్తరాలన్నీ తీసి చదువుతుంటే ఏది నిజమో తెలియడం లేదు. కట్ట కట్టి అటక మీద పెట్టేశాను.

రూత్ నన్ను బలవంతాన డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది, నిద్ర పట్టడం లేదని. వారానికోసారి అవతలి నుంచి వస్తాడు. ఏమిచ్చాడనుకున్నావు? అవే పది ప్రశ్నలు. కాగితం మీద. నేను ఉన్నదున్నట్టు రాశాను, ముప్పై ఒకటి వచ్చింది. ఆయన ముఖం వాడిపోయింది. మాత్రలన్నాడు, అవతల ఆసుపత్రి అన్నాడు, ఇంట్లో ఎవరున్నారన్నాడు. మర్నాడు కిరాణా కొట్లో అందరూ నాకు దారి ఇచ్చారు, గుడ్లబుట్ట మోస్తున్నట్టు.

ఈ వారం మళ్లీ ఇచ్చాడు. ఈసారి మా అక్క రాసినట్టు రాశాను. పద్నాలుగు వచ్చింది. ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందో చూడాల్సింది. రూత్ ఇంటికొచ్చి కేకు కాల్చింది. ఎంత తేలిక పనో మాస్టారూ. అక్క తెలివైనది.

డాగ్నీ


నోరెవిగ్,
15 డిసెంబరు

ప్రియమైన డాగ్నీ,

నువ్వు డాక్టరు దగ్గరకు వెళ్తున్నందుకు సంతోషం. ముప్పై ఒకటి నుంచి పద్నాలుగు అంటే మంచి తగ్గుదల. మాత్రలు మానవద్దు.

ఆ ప్రశ్నపత్రం గురించి మాత్రం ఇక రాయవద్దు. దాన్ని పట్టుకుని ఎంత తవ్వినా ఎవరికీ మేలు లేదు. నాకు కష్టంగా ఉంది.

పండుగకు బాదం మిఠాయి పంపుతున్నాను. మెరెటె ప్రతి ఏటా పంపే కొట్టు నుంచే.

ప్రెబెన్


హోల్మో,
29 డిసెంబరు

ప్రెబెన్,

సరే. రాయను.

నువ్వు పైకి అనకపోయినా నాకు తెలుసు. అక్టోబరు ఆఖరు శనివారం అక్క రమ్మంది. "ఊరికే రావే, వచ్చి కూర్చో," అని కార్డు రాసింది. నేను వెళ్లలేదు. సముద్రం పోటు మీద ఉందని రాశాను. పోటేమీ లేదు. పడవ వెళ్లింది, ఎయ్‌నార్ అందులోనే వెళ్లాడు. నాకు బద్ధకం వేసింది. అక్క దగ్గరకు వెళ్తే తను మాట్లాడదు, నాకు వినపడదు, ఇద్దరం అలా కూర్చోవాలి కదా అనిపించింది. ఆ కార్డు నువ్వూ చూసే ఉంటావు. అందుకే ఇక రాయొద్దంటున్నావు. తవ్వితే నా పేరు వస్తుంది. నీ మంచితనం అది.

పండుగ బాగానే జరిగింది. రూత్ వాళ్లింట్లో బాతు, ఎర్ర క్యాబేజీ. ఎయ్‌నార్ పాడాడు, నేను యంత్రం తీసేసి నవ్వుతూ కూర్చున్నాను. అందరూ నేను కోలుకున్నానన్నారు. కాగితం కూడా అదే అంటోంది, పదకొండు.

మిఠాయి అందింది. మంచిది.

డాగ్నీ


నోరెవిగ్,
8 జనవరి 2017

ప్రియమైన డాగ్నీ,

ఈ ఉత్తరం నవంబరులోనే రాయాల్సింది.

ఆ కార్డు సంగతి నాకు తెలియదు. నేను చూడలేదు. నీ మీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు. రాయవద్దన్నది నీ కోసం కాదు. నా కోసం.

ఆ పత్రం నింపింది నేను. చివరి రోజున పదింటికి "పూర్తయింది" అని నీకు రాశాను. అలాంటి వాక్యం బడిపిల్లలు రాస్తే, ఎవరు పూర్తి చేశారు అని పక్కన ఎర్రసిరాతో రాసేవాణ్ణి.

మెరెటె పిండి గిన్నె గీకుతోంది. చేతులకు పిండి ఉంది. "నువ్వే చదువు, నేను చెబుతాను, నువ్వు నొక్కు," అంది. నేను బల్ల దగ్గర కూర్చుని తెర మీద ఉన్నది ఒక్కొక్కటే చదివాను, రైళ్ల వేళలు చదివినట్టు. ప్రతిదానికీ "కొంచెం" అంది. నువ్వు ఊహించినట్టే. నేను "కొంచెం సేపు" అనే గడి నొక్కాను. ఒకటి, ఒకటి, ఒకటి. తొమ్మిదోది చదివాను. గీకడం ఆగింది. కాసేపటికి అంది, "అక్కడేమీ పెట్టకు."

నేను సున్నా పెట్టాను.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పాను, ఖాళీ వేరు, సున్నా వేరు అని. సున్నా అంటే చూశాం, లెక్కపెట్టాం, ఏమీ లేదు అని. ఖాళీ అంటే ఇంకా ఎవరూ చూడలేదని. ఖాళీ గడిలో సున్నా వేసినవాడికి మార్కులు కోసేవాణ్ణి. 

మెరెటె అబద్ధం ఆడలేదు. ఆడింది నేను, తన పేరు మీద. వైద్యశాల వాళ్లకు ఆడాను. తరవాత రెండు నెలలు చెప్పకుండా ఉండి నీకూ ఆడాను. అటక మీద పెట్టిన ఉత్తరాలు దించు. అవన్నీ నిజమే.

సిడ్సెల్‌కు కూడా ఇవాళే రాస్తున్నాను. తను ఆ సున్నా తలచుకుని బాధపడుతోంది.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఎదురుచూస్తాను.

ప్రెబెన్


హోల్మో,
20 జనవరి

ప్రియమైన ప్రెబెన్,

తిట్టను. తిడదామని కూర్చున్నాను, రెండు కాగితాలు పాడయ్యాయి, పొయ్యిలో పడేశాను. ఇప్పుడు మనసు నెమ్మదిగా ఉంది.

నీకు ఎవరూ చెప్పి ఉండరు. మా అమ్మ దగ్గర ఒక పుస్తకం ఉండేది. రోజుకు ఒక వరుస. గాలి ఎటు, చేప ఎంత పడింది, రొట్టె కాల్చిందా లేదా. ఏళ్ల తరబడి రాసింది. మా అన్నయ్య పడవ తిరిగిరాని రోజున తేదీ వేసి, పక్కన వదిలేసింది. నాన్న కాలు తీసేసిన రోజూ అంతే. ఇంకా కొన్ని ఖాళీలున్నాయి, వాటికి కారణం మాకూ తెలియదు. మా ఇంట్లో ఎవరైనా ఆ పుస్తకం తెరిచి ఖాళీ వరుస చూశారంటే ఏమిటని అడిగేవాళ్లు కారు. వచ్చి వంటింట్లో కూర్చునేవాళ్లు. మా పిన్ని అల్లిక సంచి పట్టుకొచ్చి రెండు రోజులు కూర్చుంది ఒకసారి. ఒక్క మాట లేదు. మూడో రోజు అమ్మ రొట్టె కాల్చింది, ఆ సంగతి రాసింది.

మెరెటె "ఏమీ పెట్టకు," అందంటే అది. వచ్చి కూర్చోమంది. నాకు కార్డు రాసింది, నీకు నోటితో చెప్పింది. ఇద్దరిలో నాకే అర్థం కావాల్సింది, నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని. నువ్వు ఆ పుస్తకం చూడలేదు. నీ తప్పు ఏమీ లేదు. ఇది నిజంగానే రాస్తున్నాను.

పుస్తకం నీకు పార్సిల్లో పంపుతున్నాను, మెరెటె ఉత్తరాలతో పాటు. నా దగ్గర ఉండి ఏం చేస్తాయి.

ఇక్కడ విశేషాలు. కోళ్లను రూత్‌కు ఇచ్చేశాను. ఇప్పుడిప్పుడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి, వద్దు వద్దంటూనే తీసుకుంది. ఫ్రీజర్ ఖాళీ చేసి తుడిచి తలుపు తెరిచి పెట్టాను. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో, పాస్టరు వచ్చినా పర్వాలేదు. ఎయ్‌నార్ అంటాడు, "ఏంటే, ఇల్లు అమ్ముతున్నావా," అని. "కొనేవాడివి నువ్వేనా, ముందు నీ ఇంటి కప్పు బాగుచేసుకో," అన్నాను.

డాక్టరు దగ్గర ఈ వారం నాలుగు. ఇక రానక్కర్లేదన్నాడు. ఒక గడి వదిలేశాను. కాగితం చూసి కౌంటరులో ఉన్నావిడ పిలిచింది. "డాగ్నీగారూ, తొమ్మిదోది మరిచిపోయారు. ఏదో ఒకటి లేకపోతే కంప్యూటరు తీసుకోదు," అంది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. "నీకు తోచింది పెట్టమ్మా," అన్నాను. కంప్యూటర్లో సున్నా పెట్టి నవ్వింది. మంచి మనిషి.

కొంచెం అలసటగా ఉంది. అంతే. ఆరోగ్యం చూసుకో. నిన్ను మాస్టారూ అని ఏడిపించినందుకు ఏమీ అనుకోకు.

నీ
డాగ్నీ


నోరెవిగ్,
24 జనవరి, సాయంత్రం ఐదు గంటలు

డాగ్నీ,

నీ ఉత్తరం ఇవాళ నాలుగింటికి అందింది. ఇది పోస్టులో రాదు. నా కోటు జేబులో వస్తుంది.

నీ ఉత్తరం చదివి వెంటనే రూత్‌కు ఫోన్ చేశాను. నువ్వు ఉన్నావా అని అడిగాను.

"ఉంది. కిటికీలోంచి కనపడుతోంది. మామూలుగానే ఉంది, కప్పులు సర్దుతోంది. ఏమైంది?"

"ఇప్పుడే వాళ్లింటికి వెళ్లు. నేను వచ్చేదాకా లేవకు. పడుకునేటప్పుడు కూడా."

"ఏమని చెప్పను?"

"ఏమీ చెప్పకు. అల్లిక పట్టుకెళ్లు."

రూత్ ఇంకేమీ అడగలేదు. మీ దీవి మనిషి. ఎయ్‌నార్‌ను కూడా తీసుకెళ్తానంది. ఆయన పాడకుండా చూడమన్నాను.

తరవాత డాక్టర్ల అత్యవసర నంబరుకు చేశాను. ఫోనెత్తిన ఆయన నీ వివరాలు తీసి చూశాడు.

"ఈవిడకు పోయిన వారం నాలుగే ఉందండీ. తొమ్మిదోది సున్నా."

"ఆ సున్నా ఆమె పెట్టలేదు. మీ కౌంటరులో పెట్టారు. కాగితం తీసి చూడండి, గడి ఖాళీగా ఉంటుంది."

"మీకెలా తెలుసు?"

"ఇంతకుముందు నేనూ అలాగే పెట్టాను."

ఆయన నా నంబరు రాసుకుని ఫోన్ పెట్టేశాడు. తరవాత నీ డాక్టరుతో మాట్లాడి తిరిగి ఫోన్ చేశాడు. కాగితం వెతికి తీశారట. గడి ఖాళీగానే ఉంది. గాలి వల్ల ఇవాళ్టి సాయంత్రం పడవ లేదు. డాక్టరు రేపు మొదటి పడవలో వస్తాడు. రాత్రి ఏ మాత్రం తేడా కనిపించినా హెలికాప్టరు పంపుతామన్నారు. రూత్‌కు ఆ నంబరు ఇచ్చాను. మాత్రల డబ్బా ఎయ్‌నార్ తన జేబులో పెట్టుకున్నాడని ఇప్పుడే చెప్పింది. నీకు కోపం రావచ్చు. రానీ.

నీకు చెప్పకుండా దాచిన మాట ఇంకొకటి ఉంది. ఒప్పుకున్న ఉత్తరంలో కూడా దాచాను. మెరెటె, "అక్కడేమీ పెట్టకు," అన్నాక నేను వెంటనే సున్నా పెట్టలేదు. ముందు ఖాళీగానే వదిలాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఒక ప్రశ్నకు జవాబు లేదని. "ఏదో ఒకటి పెట్టమంటోంది," అన్నాను. తను చెయ్యి తుడుచుకుంటూ, "అయితే నీకు తోచింది పెట్టు," అంది.

నువ్వు కౌంటరు దగ్గర అన్న మాటే. నీ ఉత్తరంలో అది చదివి నిలబడిపోయాను. 

తను అడిగింది నన్ను. నాకేం తోస్తోంది అని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్లు పక్కన ఉన్నవాణ్ణి, ఒక్కసారి కుర్చీ తిప్పి ముఖం చూస్తే తోచేది. నేను తెర వైపే చూశాను. నాకు తోచింది సున్నా. 

డిసెంబరులో నువ్వు, మా అక్క రాసినట్టు రాశాను, అని స్పష్టంగా రాస్తే, మంచి తగ్గుదల అని జవాబిచ్చాను. అంకె కనపడితే నాకు ఇంకేదీ కనపడదు. నీ మనసు నెమ్మదిగా ఉందని రాశావు. మెరెటెకు కూడా ఆ రోజు నెమ్మదిగానే ఉంది. రొట్టె విషయంలో నాతో ఒప్పుకుంది.

అమ్మ పుస్తకం పార్సిల్ కట్టి ఉంటే విప్పు. అది నాకు వద్దు. నీ ఇంట్లోనే ఉండాలి.

మీ ఇంట్లో అడగరని రాశావు. వచ్చి కూర్చుంటారని. నేను కూర్చుంటాను. ఎన్ని రోజులైనా ఉంటాను. ఇక్కడ నా కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. కాని నేను ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి కాదు. కూర్చోవడం ఒక్కటే నాకు సరిపోదు.

రేపు ఉదయం ఐదింటికి కారు తీస్తాను. ఏడున్నరకు రేవులో ఉంటాను. ఎనిమిదింటి పడవ ఎక్కుతాను. తొమ్మిదిన్నరకు నీ వంటింట్లోకి వచ్చి, ముందు ఈ ఉత్తరం నీకిచ్చి చదవమంటాను. చదవడం అయ్యాక నీ ఎదురుగా కుర్చీ లాక్కుని, నీ ముఖం చూస్తూ, నీకు చనిపోవాలని ఉందా డాగ్నీ అని అడుగుతాను. నువ్వు నీ నోటితో ఏదో ఒకటి చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను.

ప్రెబెన్